మూడు చిల్లుల కాగితం

నా భార్య గంగులమ్మ ఇరవై ఆరేళ్లు నాకు అబద్ధం ఆడింది. ఇది అనుమానం కాదు, జరిగిన సంగతి. నోటితో ఆడలేదు, నోరు మూసుకుని ఆడింది. ఆమె పోయి పదకొండు నెలలైంది. అడుగుదామంటే మనిషి లేదు.

మేమిద్దరం కువైట్‌లో, ఫహాహీల్‌లో, ఒకే ఇంట్లో పని చేశాం. నేను డ్రైవర్ని. ఆమె వంటమనిషి. ఇంటాయనను బాబా అంటాం. ఆయనకు ఆస్మా అని ఒక్కతే కూతురు. మాకు గేటు పక్కన ఒక గది ఇచ్చారు. గంగులమ్మ పొద్దున అయిదింటికి ఆ ఇంటి వంటగదిలోకి పోయేది. అక్కడి పని అయ్యాక గదికి వచ్చి నాకు సంగటి కెలికేది, ఎందుకంటే వాళ్ల అన్నం నాకు పడదు. నా చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసేది. ఒకసారి మోకాళ్లు పట్టేశాయని చెప్పి కింద కూర్చుని ఇస్త్రీ చేసింది. మడత సరిగా లేదని తిరిగి ఇచ్చాను. మళ్లీ చేసింది.

నాకు పిల్లనిచ్చిన మామ పేరు సిద్ధయ్య. రాయచోటి అవతల కొండకింద పల్లె. నాటు తుపాకితో ఒక్క గుండుకు దుప్పిని పడగొట్టేవాడని ఆ చుట్టుపక్కల పేరు. మా పెళ్లికి ఫారెస్టు వాళ్లకు తెలియకుండా మగపెళ్లివారికి దుప్పి కూర పెట్టాడు. నేను మూడుసార్లు వేయించుకున్నాను. ఆ సంగతి కువైట్‌లో నేను చెప్పని మనిషి లేడు. అమ్ఘరాలో పాత ఇనుము ఏరేటప్పుడు చెప్పాను. తర్వాత బాబా దీవానియాలో, అంటే మగవాళ్లు కూర్చుని కబుర్లాడే హాల్లో, టీ అందిస్తూ చెప్పాను. మామను చూసి నాకు గర్వం. ఆయన కూతుర్ని చూసి ఏమీ లేదు. కూర మాడినా, లెక్క తప్పినా, "మీ నాయన చిటికెన వేలంత లేవు నువ్వు" అనేవాణ్ణి. ఆమె గిన్నె తోముకుంటూ ఉండేది.

బాబా ఏటా చలికాలం స్కాట్లండ్ పోయి కొండల్లో జింకలను వేటాడి వస్తాడు. తుపాకులు ఇక్కడివి కావు. ఆ కొండ చూసుకునే ముసలాయన దగ్గరే ఉంటాయి. మూడేళ్ల కిందట ఆస్మా తనూ వస్తానంది. అమ్మాయికి ఏ తుపాకి సిద్ధం చేయమంటారని ముసలాయన ఫోనులో జాబితా పంపాడు. నాలుగు రకాలు. గుండు లావును బట్టి వాటికి పేర్లు. రెండు వందల నలభై మూడు, ఏడు, మూడు వందల ఎనిమిది, మూడు వందలు.

దీవానియాలో దాని మీద వారం రోజులు వాదించుకున్నారు. ఒకరోజు బాబా నావైపు తిరిగాడు.

"పెంచల్, నీ మామ పెద్ద షికారీ గదా. నువ్వు చెప్పు, మా పిల్లకు ఏది?"

అంతమందిలో నన్ను అడిగాడు. ట్రే కింద పెట్టి నిలబడ్డాను.

"మూడు వందలది బాబా. జింకంటే పెద్దదే కావాలి. ఆ ఏడుది పిచ్చుకలకు సరిపోతుంది."

బాబా స్నేహితుడు తౌఫిక్ టీ కప్పులోనే నవ్వాడు. "పెంచల్, ఏడు అంటే మిల్లీమీటర్లు. మిగతావి అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేసిన లెక్క. నీ పిచ్చుకల తుపాకి ఆ రెండు నలభై మూడు కంటే లావు."

హాలంతా నవ్వింది. అమ్ఘరాలో నాలుగేళ్లు గొట్టాలు ఏరినవాణ్ణి. అంగుళాల గొట్టం ఒక కుప్ప, మిల్లీమీటర్ల గొట్టం ఒక కుప్ప వేసిన చేతులు ఇవి. తెలిసి ఉండాల్సింది. ట్రే తీసుకుని బయటికి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం వంటగది గడప దగ్గర కూర్చుని తింటున్నాను. గంగులమ్మ బియ్యం కడుగుతోంది. ఆస్మా ఫోను పట్టుకుని వచ్చి, ఆటగా, ఆ నాలుగు పేర్లూ ఆమెకు చదివి వినిపించింది. గంగులమ్మ చేతులు తుడుచుకుంది. జింక నీకంటే బరువుంటుందా అని అడిగింది. ఎంత దూరం నుంచి కొడతారు అని అడిగింది. తర్వాత ఆస్మాను అటు తిరిగి గోడ మీది మేకును చూస్తూ నిలబడమంది. స్టీలు పళ్లెం తీసుకుని ఆ పిల్ల వెనక బండ మీద పడేసింది. ఆస్మా ఎగిరిపడి నవ్వింది. "ఇంకోసారి వేస్తా, మేకునే చూడు" అంది గంగులమ్మ. ఈసారి పళ్లెం పడకముందే ఆ పిల్ల భుజాలు ముడుచుకుంది. కళ్లు మూసేసింది.

"చూసినావా తల్లీ," అంది. వంటింటి అరబ్బీ అది, నాకు అర్థమైనంత రాస్తున్నాను. "పెద్ద తుపాకి భుజాన్ని తంతాది. ఒకసారి తన్ను తిన్న భుజం రెండోసారి ముందే ముడుచుకుంటాది. గురి అప్పుడే పోతాది. యాడనో తగిలి ఆ జంతువు పొద్దంతా రగతం కారుస్తా తిరుగుతాది. నువ్వు చిన్నది తీసుకో. ప్రాణం ఉండే చోట తగిలితే చిన్నదే చాలు. తగలకపోతే ఎంత పెద్దదైనా దండగే."

"ఏమ్మే, మీ నాయన నీకు పాఠం చెప్పినాడా?" అన్నాను.

"విన్న మాటలేలే," అంది. బియ్యం దగ్గరికి పోయింది.

భుజం సంగతి ఆమెకు ఎలా తెలుసో నాకూ తెలుసు. నేను ఆమెను కొట్టింది మూడుసార్లే. నాలుగోసారి చెయ్యి ఎత్తకముందే కళ్లు మూసుకుంది. నాలుగోసారి కొట్టలేదు. అది ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఆస్మా రెండు వందల నలభై మూడే కావాలని తండ్రితో చెప్పింది. కారణం కూడా చెప్పింది, పళ్లెంతో సహా. మంచి మాట చెప్పిందని తౌఫిక్ కూడా ఒప్పుకున్నాడు. ఎవరు చెప్పారో ఆ పిల్ల దాచలేదు. ఆ సాయంత్రం నేను టీ ఇస్తుంటే ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

రెండు రోజులకు బాబా గేటు దగ్గరికి వచ్చాడు. ఆస్మా గంగులమ్మను తోడు తీసుకుపోతానంటోంది, పది రోజులు, వీసా తను చూసుకుంటాడు, నీకు సమ్మతమేనా అన్నాడు. సమ్మతం కాదన్నాను. ఆమెకు మోకాళ్ల నొప్పి, చలి పడదు, ఎప్పుడూ ఒంటరిగా ఎక్కడికీ పోలేదు అన్నాను. మూడూ నిజమే. అసలు నిజం వేరు. పద్నాలుగేళ్లు ఆయన బండి నడిపాను. రమ్మని నన్ను ఒక్కసారి అడగలేదు.

గదికి వచ్చి ఆమెతో చెప్పాను. "పోవడంల్యా. చెప్పేసినా."

ఆమె నా చొక్కా గుండీ కుడుతోంది. దారం కొరికి, చొక్కా మడిచి పెట్టింది. చెప్పులేసుకుని పెద్ద ఇంట్లోకి పోయింది. ఎంతోసేపు పట్టలేదు, తిరిగి వచ్చింది.

"నేను పోతాండా. బాబాకు నేనే చెప్పొచ్చినా," అంది.

"నేను వద్దన్యాక?"

"నువ్వు వద్దంటివి. నేను సరే అంటి."

ఇరవై ఆరేళ్లలో ఆమె నాకు ఎదురు చెప్పింది ఆ ఒక్క మాట. కోపంగా కూడా చెప్పలేదు. సంగటికి నీళ్లు పెట్టింది.

ఆమె విమానం ఎక్కేదాకా నేను మాట్లాడలేదు. విమానాశ్రయానికి తీసుకుపోయింది నేనే, అది నా ఉద్యోగం. వెనక సీట్లో ఆస్మా పక్కన కూర్చుంది. అద్దంలో చూశాను. కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ దారి వందసార్లు చూసిన మనిషి కొత్తగా చూస్తోంది. ఇంటికి వచ్చి ఫ్రిజ్ తీస్తే పది డబ్బాలు. ఒక్కోదాని మీద టేపు అంటించి తేదీ రాసింది. పారేద్దామనుకున్నాను. తిన్నాను.

తిరిగి వచ్చాక ఎలా ఉందని నేను అడగలేదు. "చలి," అంది, అంతే. బట్టలు మార్చుకుని నా చొక్కాలు నానబెట్టింది. అప్పటి నుంచి దీవానియాలో నా మామ కథ ఎవరూ అడగలేదు. నేనుగా మొదలుపెడితే విని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, టీ తాగేవారు.

రెండేళ్ల తర్వాత ఒక ఉదయం వంటగదిలో తలనొప్పి అని కూర్చుంది. లేవలేదు. శవపెట్టెలో ఊరికి తీసుకుపోయి, దినాలు చేసి, తిరిగి వచ్చాను. ఇక్కడ ఉండేందుకు ఇఖామా కార్డు ఇంకా ఉంది. అక్కడ నాకేముంది.

వచ్చిన వారానికి ఆస్మా నా గది తలుపు కొట్టింది. చేతిలో మడతపెట్టిన కాగితం. "ఇది నీ దగ్గర ఉండాలి," అంది. విప్పాను. మధ్యలో నల్లటి చుక్క. చుక్కలో మూడు చిల్లులు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని. రూపాయి బిళ్ల పెడితే మూడూ మూసుకుపోతాయి.

"నువ్వు కాల్చిందా?" అన్నాను.

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "గంగులమ్మ. కొండెక్కే ముందు అక్కడ కాగితం మీద కాల్చి చూపించాలి. నా తర్వాత ఆమెకిచ్చాను. కాగితం చూసి ఆ ముసలాయన టోపీ తీశాడు. నీకు చెప్పలేదా? నీకు తెలుసనుకున్నాం."

అనుకున్నాం అంది. అంటే బాబాకు తెలుసు. తౌఫిక్‌కు తెలుసు. తోటకు నీళ్లు పెట్టే దావూద్‌కు కూడా తెలుసు. రెండేళ్లు వాళ్ల ముందు నిలబడి సిద్ధయ్య మామ గురి గురించి చెప్పాను.

ఆస్పత్రిలో ఇచ్చిన గంగులమ్మ ఫోను అప్పటిదాకా పెట్టెలో ఉంది. తాళం లేని ఫోను. ఆ రోజు ఛార్జింగ్ పెట్టాను. మా ఊరి వైపు ఆమె వెంకటేశ్వరి, జహ్రాలో పని చేస్తుంది. స్కాట్లండ్ నుంచి ఆమెకు గొంతు రికార్డు చేసి పంపిన మాట ఒకటి దొరికింది. ఇంత పొడుగు మాట నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"మ్మే వెంకటేశ్వరీ, ఈడ చలి ఎముకల్లోకి పోతాంది. మొన్న కాగితం మింద కాల్చినా మే. చేతులు వణుకుతాయేమో అనుకుంటి, ఇన్నేండ్లాయ గదా. వణకల్యా. మా నాయన కండ్లకు పొర వచ్చినాక ఎనిమిదేండ్లు కొండకు పోయింది నేనే గదా. నాయన ఎనక కూచుని గాలి యాడనుంచి వస్తాందో చెప్తాండె. కొట్టేది నేను. పేరు ఆయనది. తుపాకి పట్టిన పిల్లను ఎవురు చేసుకుంటారని మాయమ్మ ఒట్టేపిచ్చుకునె. నా పెండ్లి దుప్పి గూడా నేను కొట్టిందే. మా ఆయప్ప మూడుసార్లు ఏపిచ్చుకున్యాడంట, ఊరూరా చెప్పుకుంటాడు. ఆయప్పకు ఎందుకు చెప్పలేదంటావు. చెప్తే ఏమయితాది మే? నా జీతం ఆయప్ప చేతికే. నేను ఊరికి ఎప్పుడు పోవాల్నో ఆయప్పే చెప్పాల. ఎవురితో మాట్లాడాల్నో ఆయప్పే. ఇది గూడా చెప్తే, తెల్లారి నలుగురిలో నిలబెట్టి నా పెండ్లాం ఎట్ల కాలుస్తాదో చూడండి అంటాడు. ఇదీ ఆయప్పదే అయిపోతాది. నాదని ఒకటి ఉండనీలే. ఈపొద్దు జింక కనపడె. ఆస్మా కొట్టె, ఒక్కదానికే పడె. ఇంకోటి నిలబడి మావైపే చూస్తాండె. తుపాకి నాకిచ్చిరి. వద్దంటి. ఊరికే చూస్తా కూచుంటి. ఎవురికీ కూర చెయ్యాల్సిన పనిల్యాకుండా ఒక జంతువును చూసేది నా బతుకులో ఇదే మొదలు మే."

తర్వాత గాలి చప్పుడు. ఆమె నవ్వు. ఆ నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. తొమ్మిదిసార్లు విన్నాను. ఆ చలిలో ఆమె కూర్చుని చూసిన జింకను తలచుకుని నాకు ఒళ్లు మండింది. వెంకటేశ్వరిని, ఆ ముసలాయన టోపీని తలచుకుని మండింది. చచ్చిపోయిన సిద్ధయ్య మామ ఎనిమిదేళ్లు ఆమె వెనక కూర్చున్నాడే, ఆయన్ను తలచుకుంటే ఇంకా మండుతుంది. అందరికీ కొంచెం కొంచెం ఇచ్చింది. నాకు సంగటి పెట్టింది.

పోయిన గురువారం దీవానియాకు కొత్త మనిషి ఎవరో వచ్చారు. వేట మాట వచ్చింది. బాబా నన్ను పిలిచాడు, మెల్లగానే పిలిచాడు.

"పెంచల్, మన గంగులమ్మ సంగతి ఈయనకు చెప్పు. ఆమెకు తుపాకి పట్టడం ఎవరు నేర్పారు?"

మన గంగులమ్మ అన్నాడు. ట్రే చేతిలోనే ఉంది. అందరూ నావైపు చూస్తున్నారు. చెబితే వింటారు. నా పెళ్లాం అని మొదలుపెట్టొచ్చు. కాగితం గదిలోనే ఉంది, తెచ్చి చూపించొచ్చు. ఆమె అన్నంత పనీ చేయడానికి నేను నోరు తెరిచాను కూడా.

"నాకు తెలీదు బాబా," అన్నాను.

కప్పులు ఏరుకుని వచ్చేశాను. కాగితాన్ని ఆమె చీరల మధ్య పెట్టి పెట్టెకు తాళం వేశాను. నాకివ్వనిదాన్ని పంచే హక్కు నాకు లేదు. ఇకమీదట ఈ సంగతి బాబా అడిగినా, ఆస్మా అడిగినా, ఊళ్లో ఎవరడిగినా నా నోట రాదు.