గడప గడపకూ

సముద్రం ఎవారిస్తో పెరటి దాకా వచ్చేసింది. చిలోయే దీవిలో అలాంటప్పుడు చెక్క ఇంటిని దుంగల మీదికెక్కించి, ఊరంతా కలిసి ఎడ్లతో పైకి లాగుతారు. దానికి ఇంటాయన ముందుగా గడప గడపకూ వెళ్లి బతిమాలాలి.

ఎవారిస్తో వెళ్లలేదు. ఉత్తరాన గనుల్లో ఏళ్ల తరబడి ఉండి నిరుడే ఊరికి తిరిగొచ్చాడు. అన్నేళ్లలో ఎవరి ఇల్లు లాగడానికీ రాలేదు. ఇప్పుడు ఏ మొహంతో అడగడం? పట్నం నుంచి క్రేను పిలిపించాడు.

ఆ చప్పుడికి పక్కింటి ఓర్తెన్సియా వచ్చింది. "మా ఎడ్లు చచ్చాయనుకున్నావా ఏమిట్రా?"

"మీ ఇల్లు లాగినప్పుడు నేను రాలేదు కదత్తా."

"రాలేదు. ఆ రోజు నిన్ను తిట్టని వాళ్లు లేరు. అది అయిపోయింది. ఇప్పుడు అడక్కపోతే మాత్రం ఎవరూ మరిచిపోరు."

ఆమె విసవిసా వెళ్లిపోయింది. ఎవారిస్తో క్రేనును తిప్పి పంపేసి, వెళ్లి ఆమె తలుపు తట్టాడు.

ఓర్తెన్సియా అతన్ని అప్పుడే చూస్తున్నట్టు తలుపు తీసింది. "ఎవారిస్తోనా? ఏం పని మీద వచ్చావు నాయనా?"

"మా ఇల్లు లాగాలత్తా," అన్నాడతను నేల చూపులు చూస్తూ.

"వస్తాం. తర్వాతి గడపలో తలెత్తి అడుగు. వాళ్లింటికీ నువ్వు రాలేదు."