అలివేలు, అలమేలు

చింతాద్రిపేటలో తప్పిపోయినవాళ్ళను వెదికిపెట్టే ధర్మసంస్థ ఒకటి ఉండేది. అక్కడ కంప్యూటరు పని కస్తూరిది. మద్రాసు చెన్నై అయిన మరుసటి ఏడు అది. ఇంటివాళ్ళు చెప్పిన పేర్లనూ, ఆశ్రమాల్లో చేరినవాళ్ళ పేర్లనూ పోల్చి చూసే ప్రోగ్రాము ఆమే రాసింది. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, రాసినవాళ్ళ చేతికి వచ్చినట్టు ఉండేవి.

అందుకని ఆమె అక్షరాలను వదిలి పలుకును పట్టుకుంది. అచ్చులు తీసేసి, దగ్గరగా పలికే హల్లులను గుంపు చేసి, గుంపుకో అంకె ఇవ్వడం ఆ పద్ధతి. అది దొరల పేర్లకోసం పుట్టింది. మన కోదండం అరవవాళ్ళ నోట గోదండం అవుతాడని దానికేం తెలుసు? క, గ లను కలిపితే త, ద లు పేచీ పెట్టేవి. ఒకటి సర్దేసరికి ఇంకొకటి. సాయంత్రానికి కళ్ళు మంటలెత్తేవి.

పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మునిరాజు ప్రతి శనివారం వచ్చేవాడు. మొగుడు పోయాక అతని ఇంట్లోనే ఉంటున్న అక్క అలివేలు, కూరగాయలకని వెళ్ళి తిరిగి రాలేదు.

"మా అక్క పేరు ఏమన్నా తగిలిందా మ్మా?"

"లేదన్నా."

"సెరి, మళ్ళీ వస్తాను." అయినా కాసేపు అక్కడే కూర్చునేవాడు.

ఒక రోజు టీ తాగుతుండగా కస్తూరికి తన మేనత్త గుర్తొచ్చింది. ఇంట్లో అలివేలత్త, రేషను కార్డులో అలమేలు. తన ప్రోగ్రాములో వ ఒక గుంపు, మ ఇంకో గుంపు. రెండూ ఎన్నటికీ కలవవు.

రెంటినీ కలిపింది. కలపగానే కావేరి, కుమారి ఒకరే అయ్యారు. సావిత్రీ సుమిత్రా ఒకరే అయ్యారు. ఆ కుప్పను వయసునుబట్టి, ఊరినిబట్టి జల్లెడ పట్టీ పట్టీ విసిగిపోయింది. చివరికి తిరువొత్తియూరులోని ఒక ఆడవాళ్ళ ఆశ్రమంలో ఉన్న అలమేలు మిగిలింది.

పంపడానికి ఇంకెవరూ లేక తానే రైలెక్కింది. ఆశ్రమం వంటింటి గడప దగ్గర ఒకామె చేటలో బియ్యం ఏరుతోంది.

"అక్కా, మీరు పెరంబూరు మునిరాజన్న అక్కగారేనా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఎట్ట కనుక్కుంటివి?"

"పేరునుబట్టి. ఈడ తప్పుగా రాసుకోనుండారు."

"తప్పేం లేదు. నేనే అట్ట చెప్పినాను. దొరక్కూడదనే."

ఇన్నాళ్ళూ తాను అల్లిన వల ఇలాంటివాళ్ళమీద కూడా పడుతుందని కస్తూరికి తోచనే లేదు.

"ఆడ ఎవరన్నా బాధపెట్టినారా?"

"అయ్యో, లేదు మ్మా. నా తమ్ముడు బంగారం. కానీ అక్కా అన్నం, అక్కా చొక్కా, అత్తా జడ... ఇన్నేండ్లూ అదే. ఆ పొద్దు మార్కెట్లో కూర్చున్నదాన్ని, లేచి ఇంటికి పోవాలంటే ఒళ్ళు రాలేదు. ఈడా వండతానే ఉండాను. కానీ నా వంతు అయిపోతే ఈడ ఎవరూ పిలవరు."

"ఆయన వారం వారం వచ్చి కూచుంటుండాడక్కా."

అలివేలు మళ్ళీ బియ్యం ఏరసాగింది. "బతికి ఉండానని చెప్పు. ఏడ ఉండానో చెప్పబాక."

శనివారం మునిరాజుకు ఆ మాటే చెప్పింది. అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"నేనేం తప్పు చేసినాను మ్మా?"

"తప్పని కాదన్నా. అలిసిపోయినారు."

"ఇంటికొస్తే రెస్టు తీసుకోనియ్యమా?"

అంటూనే అతను లేచాడు. "అన్నం తింటా ఉందా?" అని అడిగి, తింటోందని విని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కస్తూరి ప్రోగ్రాములో ఒక షరతు చేర్చింది. దొరికిన మనిషి సరేనంటేనే ఇంటివాళ్ళకు చిరునామా ఇవ్వాలి. మేనేజరు భక్తవత్సలం చూసి, "ఇదెందుకు మ్మా, పని ఇంకా పెరుగుతుంది" అన్నాడు.

"పెరగనీండి సార్" అంది. వాదించే ఓపిక లేదు. తీసేసే ఉద్దేశమూ లేదు.

మరుసటి వారం మునిరాజు ఒక తైలం సీసా తెచ్చి బల్లమీద పెట్టాడు. "మోకాళ్ళకు. ఏడ అని నేనడగను. చేర్చు మ్మా, చాలు."

ఆదివారం కస్తూరి మళ్ళీ తిరువొత్తియూరు వెళ్ళింది. అలివేలు సీసా మూత తీసి వాసన చూసింది. చీర కొంచెం పైకి జరుపుకుని మోకాళ్ళకు రుద్దుకుంది. ఆ తరువాత పక్కన నేలను అరచేత్తో తుడిచింది.

"కూర్చో మ్మా. మొగమంతా వాడిపోయుండాది."

కస్తూరి గోడకు ఆనుకుని కూర్చుంది.