సగం పెత్తనం

“ఇవాళ్టి నుంచి మీ సెక్షన్ సెమీ అటానమస్” అని మేనేజర్ నా చేతిలో ఇస్త్రీ యంత్రం తాళంచెవి పెట్టాడు. ఆస్పత్రి దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసే గది మాది. అక్కడ నేను సూపర్‌వైజర్ని.

“అంటే ఏంటి సార్?”

“సగం స్వతంత్రం. చిన్న విషయాలు మీరే తేల్చుకోవచ్చు. పెద్దవి నన్నడగాలి.”

“ఏది చిన్నది, ఏది పెద్దది?”

“పని చేస్తుంటే మీకే తెలుస్తుంది” అని చేతులు దులుపుకున్నాడు.

నాతోపాటే పనిచేసే మా వదిన నవ్వింది. “మీ అన్నయ్యకి ఇంట్లో ఉన్నది అదేగా. ఆయన్నడిగితే చెబుతాడు.”

తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని వేడి రోలర్ కిందికి తోస్తాం. రోలర్ ముందు ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి తగిలితే యంత్రం ఆగిపోవాలి. ఊరికే ఆగుతోందని మేనేజరే దాన్ని గుడ్డపేలికతో బిగించి కట్టించాడు. ఆ మధ్యాహ్నం వదిన చీర మీద తొడుక్కున్న చొక్కా చెయ్యి రోలర్ లోపలికి పోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క గుంజు గుంజాను. చొక్కా చిరిగింది, మణికట్టు కమిలింది.

భయం తగ్గాక కోపం వచ్చింది. నా కోపం ఒక పట్టాన పోదు. యంత్రం ఆపేసి, తాళంచెవి జేబులో వేసుకుని, దుప్పట్లు ఎండలో ఆరేసి ముడతలతోనే వార్డులకు పంపించాను.

మేనేజర్ పరుగున వచ్చాడు. “ఎవర్నడిగి ఆపారు?”

“నేనే ఆపాను సార్. కడ్డీ బాగయ్యాకే నడుపుతాం.”

“నడపడం వరకే మీ ఇష్టం. ఆపడం పెద్ద విషయం.”

“మరి మా వదిన చెయ్యి?”

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. “మెకానిక్‌ని పిలవాలంటే నేనూ పైవాళ్ళని అడగాలి” అంటూ ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఈయనదీ సగం పెత్తనమేనని నాకప్పుడు తెలిసింది. జాలేసింది కానీ తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

“మొండికేస్తే ఈ పోస్టులో ఇంకొకర్ని పెడతాను.”

“పెట్టండి సార్. కడ్డీ బాగయ్యాక తాళంచెవి వాళ్ళకే ఇస్తాను.”

వదిన నా పక్కన నిలబడింది, కమిలిన చెయ్యి దాచుకోకుండా. ఆయన ఆ చేతినే కాసేపు చూసి, బయటికి వెళ్ళి మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చాడు.

మెకానిక్ పేలిక కోసి మరలు విప్పుతుండగా మేనేజర్ జేబులో ఫోన్ మోగింది.

“పైవాళ్ళా సార్?” అన్నాను.

ఆయన చూసి, ఎత్తకుండానే జేబులో పెట్టేసుకున్నాడు. “ముందు పని కానివ్వండి” అన్నాడు.