డప్పును చుట్టుకున్న బొంత

నేను ఒక బొంతను. డప్పు వాయించే కొమురయ్య భార్య లచ్చవ్వ తన పాత చీరలను పొరలు పొరలుగా పరిచి నన్ను కుట్టింది. చలికాలంలో నాకోసం పోట్లాడుకున్నవాళ్లే ఎండలు ముదరగానే నన్ను కాలితో మూలకు తోసేవాళ్లు. మనుషుల ప్రేమ వాతావరణాన్ని బట్టి ఉంటుందని అప్పుడే అర్థమైంది.

కూతురు స్వరూప పెళ్లయ్యాక ఆమెతో కరీంనగర్‌లో రెండో అంతస్తు అద్దె ఇంటికి వచ్చాను. అక్కడ ఆమె పాటలు రికార్డు చేసే గదిలో నన్ను మేకులతో గోడకు బిగించింది. చప్పుడు గోడకు తగిలి తిరిగి రాకూడదట. కప్పుకోవడానికి పుట్టినదాన్ని, నోళ్లు మూయించే కొలువులో చేరాను.

ఒక వానాకాలం కొమురయ్య డప్పు పట్టుకుని వచ్చాడు. అతని మణికట్టు అరిగిపోయిందనీ, ఇక వాయించడం మానెయ్యాలనీ డాక్టరు చెప్పాడు. ఆలోపు నాన్న డప్పు దెబ్బను రికార్డు చేసి దాచుకోవాలని స్వరూప పంతం. చిన్నప్పుడు వాడ చివర మోగితే గుండెల్లో తగిలిన ఆ దెబ్బే కావాలి.

వాయించాడు. విన్నారు. తడిసిన అట్టపెట్టెను బాదినట్టుంది. ఆమె మైకును ముందుకు జరిపింది, వెనక్కి జరిపింది, కంప్యూటర్లో ఏవేవో మార్చింది. ముసురుకు తోలు వదులైతే కంప్యూటర్ ఏం చేస్తుంది? మిగిలిన కాస్త మోతను నేను మింగేస్తున్నాను. మళ్లీ మళ్లీ వాయించి అతని చెయ్యి అలిసిపోతోంది.

"కాగబెట్టకుంటే మోగదు బిడ్డా. నీకు ఎరుకే గద," అన్నాడు చివరికి.

ఎరుకే. పొగ పెడితే ఇంటి ఓనరు గొడవ చేస్తాడని స్వరూప ఇంతసేపూ తెలియనట్టు నటించింది. డాబా మీద రేకుల కింద కాగితాలు మంటపెట్టి డప్పును కాచారు. అక్కడ ఖంగుమన్నది, మెట్లు దిగేసరికి తడిగాలికి చల్లబడింది. మళ్లీ కాచినా అంతే. స్వరూప గదిలోకి వచ్చి నన్ను గోడ మీంచి ఒక్క లాగు లాగింది. మేకుల దగ్గర చిరిగాను. పైకి తీసుకుపోయి, వేడి వేడి డప్పును నాలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు కిందికి తెచ్చింది.

విప్పగానే కొమురయ్య వాయించాడు. నేను నేల మీద పడి ఉన్నాను, గోడ బోసిగా ఉంది. ఆ దెబ్బ వచ్చింది. స్వరూపకు ఏడుపు ఆగలేదు. ఇంకొక్కసారి అని అడగబోయి, అతను మణికట్టు నొక్కుకోవడం చూసి మైకు ఆపేసింది.

"ఇగ చాలు బిడ్డా," అంటూ అతను తన చేతులతోనే డప్పును నాలో చుట్టాడు.

అప్పటినుంచి మేమిద్దరం బీరువా మీద ఉంటున్నాం. స్వరూప ఎప్పుడైనా ఆ రికార్డింగు పెట్టుకుంటుంది. అది మోగినప్పుడల్లా నా మడతల్లో డప్పు తోలు సన్నగా అదురుతుంది. కింద ఉన్నవాళ్లకు వినబడదు. నేను పట్టుకుని ఉంటాను.