ఒక్కరే ఉన్న తరగతి

ఆ కాలేజీ ఒకప్పుడు సబ్బుల ఫ్యాక్టరీ. సబ్బు ఉడికించిన పెద్ద షెడ్డు ఇప్పుడు లైబ్రరీ. సబ్బులు కోసి, కాగితాలు చుట్టిన గదుల్లో చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం చెబుతారు. నాలుగు చినుకులు పడితే చాలు, గోడలు సబ్బు వాసన వేస్తాయి.

చిట్టి ఇష్టపడి తత్వశాస్త్రంలో చేరింది. ఆ ఏడు ఆ శాఖలో చేరింది తనొక్కతేనని చేరాకగానీ తెలియలేదు.

"పోన్లేవే, క్లాసు ఫస్టు నువ్వే," అన్నాడు నాన్న. ఆయన బస్సు డ్రైవరు.

"లాస్టూ నేనే కదా నాన్నా!"

పాఠం చెప్పే ఆయన్ని అందరూ గొడుగు మాస్టారంటారు. ఎండైనా వానైనా ఆయన చంకలో గొడుగు ఉండాల్సిందే. ఆయన చిట్టి ఒక్కదాని ముందూ నిండు తరగతి ముందు నిలబడ్డట్టే నిలబడేవారు. హాజరు పిలిచేవారు. పాఠమయ్యాక, "అందరికీ అర్థమైందా?" అని అడిగేవారు. మొదట్లో చిట్టికి నవ్వాపుకోవడమే పెద్ద పనయ్యేది. పోనుపోను ఆ 'అందరికీ' అన్న మాటలో తనకు దక్కుతున్న మర్యాద తెలిసొచ్చింది. అంతకుముందు ఏ బళ్ళోనూ ఆమెను అంత గట్టిగా లెక్కలోకి తీసుకున్నవాళ్ళు లేరు.

పరీక్షలు దగ్గరపడుతుండగా అమ్మ మేడమెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. స్కూలు పిల్లల యూనిఫాం చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి. అమ్మ కుర్చీలో కూర్చుని చెబుతుంటే చిట్టి మిషను తొక్కింది, కాజాలు కుట్టింది, వంట చేసింది. కాలేజీకి వెళ్ళడం కుదరలేదు. ఇక చదువుకు నీళ్ళొదులుకున్నట్టేనని లోలోపల అనుకుంది గానీ, పైకి అనలేదు.

ఒక సాయంత్రం గుమ్మంలో గొడుగు కనిపించింది. వెనకే మాస్టారు.

"క్లాసంతా మూకుమ్మడిగా ఎగ్గొట్టిందమ్మా," అన్నారాయన అమ్మతో. "సమ్మె ఏమైనా చేస్తున్నారేమో కనుక్కుందామని వచ్చాను."

అమ్మ కట్టు కట్టిన కాలు పట్టుకుని మరీ నవ్వింది. చిట్టి మాత్రం చేతిలోని కాజా మీంచి తలెత్తలేదు.

"నేను మానేద్దామనుకుంటున్నాను మాస్టారూ."

"మానెయ్యాలంటే మానేద్దువుగాని. మనం మొదలుపెట్టిన పాఠం సగంలో ఆగిపోయింది. ముందు అది పూర్తి చేసుకుందాం." స్టూలు మీది బట్టలు పక్కకు పెట్టి ఆయన కూర్చున్నారు. "మనిషి రోజురోజుకీ మారిపోతుంటాడు కదా. మరి నిన్నటి మనిషీ ఇవాళ్టి మనిషీ ఒకరేనని ఎలా చెప్పగలం?"

చిట్టి కాజా కుడుతూ వింటోంది. అమ్మ ఉండబట్టలేకపోయింది.

"అయితే మాస్టారూ, నిరుడు కొలతలిచ్చి, ఈ ఏడు జాకెట్టు బిగుతైందని నన్ను తిట్టిపోసేవాళ్ళనేం చెయ్యాలి?"

"అదే గొడవమ్మా!" మాస్టారు హాయిగా నవ్వారు. "దీని మీద ఎంతెంతవాళ్ళో జుట్లు పట్టుకున్నారు."

పాఠం అయ్యాక అమ్మ అడిగింది, "ఒక్క పిల్లకి చెప్పడానికి కాలేజీవాళ్ళెలా ఒప్పుకున్నారండీ?"

"ఫ్యాక్టరీ యజమాని కూతురు పుణ్యం," అన్నారాయన. "చిన్నప్పుడు ఆవిడకి లెక్కలంటే ప్రాణమట. బళ్ళో పెద్ద లెక్కలు చెప్పమని అడిగిన ఆడపిల్ల ఆవిడొక్కతే. ఒక్కదాని కోసం క్లాసు పెట్టలేం పొమ్మన్నారు. ఆవిడ బతుకంతా సబ్బులతోనే గడిచిపోయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక షెడ్లన్నీ కాలేజీకి రాసిచ్చి, ఒకే షరతు పెట్టింది. అడిగినవాళ్ళు ఒక్కరున్నా సరే, పాఠం జరగాలి."

అమ్మ చేతిలోని చొక్కా మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. తనకు బడి ఐదో తరగతితో ఆగిపోయిన సంగతి ఆమె ఎప్పుడోగానీ చెప్పుకునేది కాదు.

అమ్మ కాలు బాగయ్యేదాకా మాస్టారు వస్తూనే ఉన్నారు. డ్యూటీ దిగిన నాన్న కూడా ఖాకీ చొక్కాతోనే గుమ్మానికి ఆనుకుని వినేవాడు. చిట్టి పరీక్షలు రాసింది, పాసైంది.

సెలవుల తర్వాత కాలేజీలో సాయంత్రం క్లాసులు మొదలుపెడుతున్నారని తెలిసింది. ఏ వయసువాళ్ళైనా కూర్చుని వినొచ్చట.

"నన్నూ రానిస్తారంటావా?" అంది అమ్మ, మిషనుకు నూనె వేస్తూ, అదేదో పెద్ద విషయం కానట్టు.

"నా కాలేజీకా! అక్కడ కూడా నువ్వేనా అమ్మా!" అని చిట్టి నెత్తి కొట్టుకుంది. మర్నాడు తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అమ్మ ముందు వరసలో కూర్చుని, మొదటిరోజే రెండు ప్రశ్నలు అడిగింది.

క్లాసు అయ్యాక చిట్టి వరండాలో మాస్టారిని ఆపింది. చెప్పాలనుకున్నవన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి.

"ఆ రోజు మీరు రాకపోయుంటే మాస్టారూ..."

"నాదేముందమ్మా. నేనూ ఇక్కడే, ఒక్కణ్ణే కూర్చుని చదువుకున్నాను," అన్నారాయన.

లోపల అమ్మ ఇంకా ఎవరితోనో వాదిస్తూనే ఉంది. ఆ గొంతు వింటూ చిట్టి తడికళ్ళతో నవ్వుతూ నిలబడింది.