భూతద్దం గారి రెండో గడి

వీధిలోకి వరద వచ్చి వెళ్లిన మూడో రోజు, పురపాలక కార్యాలయం నుంచి తనిఖీ గుమాస్తా వస్తున్నాడని తెలిసి దర్జీ పిన్ని ముందు ఇల్లు కడిగింది. తర్వాత నీళ్లెక్కని మేడ ఇళ్ల నుంచి సామాను అరువు తెచ్చింది.

"మతుందా పిన్నీ?" అంది ఎదురింటి టీచరమ్మ. "ఆయనొచ్చేది నీ కష్టం చూడ్డానికి. కొత్త అల్లుడొస్తున్నట్టు సర్దుతున్నావేంటి?"

"ఊరుకోవే. పరాయి మనిషి గడప తొక్కితే నా ఇల్లు ముష్టివాళ్ల ఇల్లులా కనబడాలా?"

బీరువా డాక్టరు గారిది, ఫ్రిజ్జు మేస్త్రీది. టీచరమ్మ సోఫాతో పాటు దాని మీద నిద్రపోతున్న పిల్లి కూడా వచ్చింది. నీళ్లు తాగిన కుట్టుమిషను మాత్రం గుమ్మం పక్కన దుప్పటి ముసుగేసుకుని కూర్చుంది. అది బాగుపడితేనే పిన్ని పొయ్యి వెలిగేది. అత్యవసర సాయానికి అర్జీ పెట్టింది దానికోసమే.

గుమాస్తాను ఊరంతా భూతద్దం గారనే పిలుస్తుంది. కుంటుతున్న చీమను చూపిస్తే ఆరింట్లో ఏ కాలు బెణికిందో చెప్పేస్తాడట! ఆయన వచ్చాడు, సోఫాలో కూర్చున్నాడు, ఒళ్లో చేరిన పిల్లిని నిమిరాడు, ఏదో రాసుకున్నాడు. ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. వెళ్తూ చెప్పులు తొడుక్కోవడానికి ఆసరాగా ఆ దుప్పటి మీద చెయ్యి వేశాడు, అంతే.

గురువారం సాయం అర్జీలు తేల్చే కమిటీ కూర్చుంది. మొహమాటాలకు తావు లేకుండా అర్జీల మీద పేర్లకు కాగితం అతికించి, తలుపులు తెరిచే చదవడం అక్కడి పద్ధతి. పిన్ని బయట బల్ల మీద చెవులు రిక్కించుకుని కూర్చుంది.

"ఏడో అర్జీ. తనిఖీ కాగితంలో మొదటి గడి, కనబడినవి," చదివాడు భూతద్దం. "సోఫా, బీరువా, ఫ్రిజ్జు, బొద్దుగా ఒక పిల్లి."

కమిటీలోని కిరాణా కొట్టాయన పకపకా నవ్వాడు. "ఫ్రిజ్జున్నోళ్లకి సాయమేంటండీ? ఆ పిల్లి నాకన్నా బాగా తింటున్నట్టుందే!"

చేజేతులా చేసుకున్నాను అనుకుంది పిన్ని.

"ఆగు తమ్ముడూ," అంది అధ్యక్షురాలు. ఆమె ఒకప్పటి నర్సు. "రెండో గడి వినకుండా మనం ఏనాడైనా తేల్చామా?"

భూతద్దం గొంతు సవరించుకున్నాడు. "రెండో గడి, దాగినవి. గోడ మీద మోకాలెత్తున బురద గీత. బీరువా కాళ్లకు తడి మచ్చ లేదు. ఫ్రిజ్జు తీగ చుట్టినది చుట్టినట్టే ఉంది. పిల్లి గుమ్మం వైపు చూసి ఎదురింటావిడ కోసం అరుస్తోంది. ఇంటావిడ సొంత వస్తువు ఒక్కటే, దుప్పటి కింద కుట్టుమిషను. చక్రం బిగుసుకుపోయింది. అది కదలకపోతే ఈమెకు కూడు లేదు."

మంజూరుకు అందరికంటే ముందు కిరాణా ఆయన చెయ్యి లేచింది.

మంజూరు కాగితం అందుకుని మెట్లు దిగుతుంటే భూతద్దం ఎదురయ్యాడు. పిన్నికి తలెత్తబుద్ధి కాలేదు.

"తప్పయిందయ్యా. ఈసారి మీరొస్తే ఇల్లు ఊడవను కూడా ఊడవను."

"అయ్యో, అంత పని చెయ్యకు తల్లీ! నువ్వు నేలంతా తళతళలాడించబట్టే గోడ మీది గీత నాకు అంత బాగా కనబడింది."