ఆవుకు పెట్టని అన్నం

పుంగనూరు రోడ్డు గుంతల్లో ట్రాక్టర్ కుదుపు తిన్నప్పుడల్లా ఈశ్వరమ్మ తల ఆసామి ఇంటి కోడలు ఉషారాణి ఒళ్లో ఎగిరిపడుతోంది. మదనపల్లె మార్కెట్టుకు పోవాల్సిన టమోటా పెట్టెలను దించేసి, ఆ ట్రాలీలోనే ఐదుగురు కూలి ఆడవాళ్లను పడుకోబెట్టారు. పొద్దున కాయలు కోస్తూ ఒకరినొకరు ఆటపట్టించుకున్నవాళ్లే. మధ్యాహ్నం కూడు తిన్న కాసేపటికే కడుపు పట్టుకుని గట్టు మీద కూలబడిపోయారు. అప్పటినుంచి వాంతులు ఆగడం లేదు.

"రోంత నీళ్లు తాగు ఈశ్వరమ్మా."

"వద్దు చిన్నమ్మా. నీళ్లు పడితే మళ్లా ఎళ్లిపోతాది. కడుపు ఎండగట్టల్ల."

ఆమె పెదవులు అప్పటికే పగిలి ఉన్నాయి. ముందు కూర్చుని ట్రాక్టర్ నడుపుతున్న ధనుంజయ వెనక్కి తిరిగి పెళ్లాన్ని చూశాడు. బయలుదేరేటప్పుడు తల్లి రుక్మిణమ్మ ఇద్దరికీ కలిపి చెప్పిన మాటే ఆ చూపులో ఉంది. "మందు కొట్టిన కాయలు కడగకుండా తిన్న్యారని చెప్పండి. కూటి మాట ఎత్తద్దండి."

ఆ కూడు ఎక్కడిదో ఉషారాణికి తెలుసు. నిన్న తన బిడ్డకు పేరు పెట్టారు. ఊరంతా తిన్నాక ఒక గుండిగెడు అన్నం మిగిలితే, మూత పెట్టి అలాగే వదిలేశారు. మే నెల ఉక్కకు తెల్లారేసరికి అది జిగురు సాగింది. ఆవు తొట్టిలో వేద్దామని ఆమె గంప తెచ్చింది.

"ఆవుకు ఎయ్యద్దు. కడుపుబ్బరం వస్తే పాలు పోతాయి" అంది అత్త. "కాయలు కోసేవాళ్లకు పంపు."

పారబోయడానికి మనసొప్పని మనిషే. కూలివాళ్ల కడుపు విషయంలో మాత్రం ఆ మనసుకు ఏ అడ్డూ లేదు. వాసన తెలియకుండా అందులో కొత్త పెరుగు కలిపి, అల్లం, పచ్చిమిరపకాయలు వేసి తాలింపు పెట్టింది మాత్రం ఉషారాణే. ఘుమఘుమలాడిందని ఈశ్వరమ్మ రెండోసారి కూడా పెట్టించుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు ధనుంజయ ఒప్పజెప్పాడు. "మందు కొట్టిన కాయలు తిన్న్యారు మేడమ్. వద్దంటే యాడ ఇంటారు?"

మంచాల మీదున్న ఐదుగురూ విన్నారు. ఒక్కరూ కాదనలేదు. రేపు పని ఇవ్వాల్సింది ఆ ఇల్లే కదా.

డాక్టరమ్మ టార్చి వేసి ఈశ్వరమ్మ కళ్లు చూసింది. "పురుగుమందు తిన్న లక్షణాలు కనపడలేదు. దానికి వేసే ఇంజెక్షన్ వేరు, అది అనవసరంగా వేస్తే మనిషికే ప్రమాదం. ఏం తిన్నారో సరిగ్గా చెప్పండి."

"కాయలే మేడమ్" అన్నాడు ధనుంజయ.

ఈశ్వరమ్మ పైకప్పు వంక చూస్తూ పడుకుంది. ఉషారాణికి భయమేసింది. ఇంటికి పోయాక పడబోయే మాటలు తెలుసు. కానీ ఈ మనిషి పోతే, పెట్టిన చెయ్యి తనది.

"కాయలు కాదు మేడమ్. నిన్నటన్నం. మా ఆవుకు ఎయ్యద్దని తీసిపెట్టిన అన్నం. నేనే తాలింపు పెట్టినాను."

ధనుంజయ ఆమె చెయ్యి పట్టి నొక్కాడు. ఆమె విదిలించుకుంది.

"వండిన అన్నం ఉక్కలో అలా వదిలేస్తే విషం పుడుతుందమ్మా. మళ్లీ కాచినా, తాలింపు పెట్టినా అది పోదు" అంది డాక్టరమ్మ, సెలైన్ పెట్టమని నర్సుకు చెబుతూ. "ఇప్పుడు వీళ్లకు నీళ్లే మందు. ఈ ఉప్పు, చక్కెర పొడి కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి కొంచెం కొంచెం పట్టు. కక్కుకుంటే కాసేపు ఆగి మళ్లీ పట్టు."

ఉషారాణి తెల్లవార్లూ చెంచాతో పట్టింది. ఈశ్వరమ్మ మొదట పళ్లు బిగించింది. తర్వాత నోరు తెరిచింది. పొద్దున ఒంటేలు పోసొచ్చింది, ఇక భయం లేదని నర్సు చెబితే ఉషారాణికి ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం పలచటి గంజి తాగింది.

ఇంట్లో వారం పాటు అత్త ఆమెతో మాట్లాడలేదు. కోత మళ్లీ మొదలైన రోజున మాత్రం పిలిచి, అప్పుడే దించిన సంగటి, పప్పు నెత్తిన పెట్టించింది. కొసరు వేసినట్టు నెయ్యి కూడా వేసింది.

చేలో ఆడవాళ్లు కానుగ చెట్టు కింద కూర్చుని ఉన్నారు. ఉషారాణి గిన్నె దించి మూత తీసింది. ఆవిరి లేచింది. ఎవరూ చెయ్యి చాపలేదు.

"ఇప్పుడు చేసిందే ఈశ్వరమ్మా."

ఈశ్వరమ్మ గిన్నె వంక నిదానంగా చూసింది. గొంతులో కోపం లేదు.

"మీ ఆవుకు పెట్టి సూసినారా చిన్నమ్మా?"

ఉషారాణి గిన్నె మీద మళ్లీ మూత పెట్టింది.

"మాకు కూడు వద్దు. మేమే తెచ్చుకున్న్యాం" అంటూ ఈశ్వరమ్మ తన సద్ది మూట విప్పింది. "కూడు పెడతాండామని కూలిలో పది రూపాయలు కోస్తాండారు గదా. అది కోయద్దని పెద్దమ్మకు చెప్పు."

గిన్నె దించినంత బరువుగానే మళ్లీ నెత్తికెక్కింది. వాకిట్లో అత్త ఎదురొచ్చింది.

"తిన్న్యారా?"

"తినలా" అంది ఉషారాణి. "తినమని నేనూ అనలా."